పదకొండు రోజులు

హలో… ఆ, నేనే. లుజ్‌నే, మినేగిషి గారూ… లేదండీ, క్లాసు నాలుగింటికి కదా, ఇంకా ఎవరూ రాలేదు. బోర్డు తుడుస్తున్నాను. చెప్పండి…

కురోసే గారా? క్లాసుకి 'కొన్నాళ్ళు విశ్రాంతి' అన్నారా?… అంటే మానేసినట్టే. ఆరేళ్ళ నుంచి మీ జపాన్‌లో, ఈ ఒకయామా ఊళ్ళో ఇంగ్లీషు చెబుతున్నాను, ఆ మాత్రం తెలీదా నాకు?

…పోయిన వారం నేనా మాట చెబితే క్లాసులో అందరూ నవ్వుతూ తలూపారండీ! నేనూ పిచ్చిదానిలా, బాగానే విన్నారనుకున్నాను…

కాదు, నేను మొదలుపెట్టలేదు. పాఠమే 'పాత ఫోటో'. మీరిచ్చిన పుస్తకమే. ఆయన వాళ్ళ నాన్న ఫోటో తెచ్చారు. యుద్ధంలో, సైనికుడి బట్టల్లో, మా ఫిలిప్పీన్స్‌లో. వెనకాల చెరకు తోట… ఆ. 'అప్పుడు మీవాళ్ళు ఎలా ఉండేవారు టీచర్' అని ఆయనే అడిగారు. 'పోయిన మా అమ్మమ్మ అలాంటి తోటలోనే పదకొండు రోజులు దాక్కుంది, మీ సైన్యానికి భయపడి' అన్నాను. అంతే. వాళ్ళు చంపేసిన ఆవిడ అన్నల సంగతి ఎత్తనే లేదు…

మీ స్కూలు రూలు తెలుసండీ. యుద్ధం, మతం, రాజకీయం వద్దు. ఎనభై ఒక్కేళ్ళాయన మొహంలోకి చూసి అడిగితే ఏం చెప్పమంటారు, వాన పడేట్టుందనా?

…ఆయనకి క్షమాపణా? నేనా?… మా అమ్మమ్మ దాక్కున్నందుకు నేను సారీ చెప్పాలా?

……

తెలుసు. శుక్రవారం కాంట్రాక్టు సంతకం. అది లేకపోతే వీసా లేదు, అదీ తెలుసు. మా పిల్ల ఇక్కడే పుట్టింది, దానికి మా భాష కూడా రాదు… పీక మీద కాలేసి ఎంత మెల్లగా మాట్లాడతారండీ మీరు!… లేదు, అరవట్లేదు. సరే. చెబుతాను. చెబుతానన్నానుగా.

— ఉండండి, తలుపు…

ఆయనే. కోటు, టై. చేతిలో స్వీట్ల డబ్బా… ఆ, డబ్బా ఇచ్చి సెలవు తీసుకోవడానికే అయ్యుంటుంది… లైన్లోనే ఉంటారా? నేను చెప్పడం మీరు వినాలా?… మీ ఇష్టం.

రండి కురోసే గారూ. పోయిన వారం నేను… సారీ అండీ, నేను అలా — అయ్యయ్యో, లేవండి! నేల మీద మోకాళ్ళేంటండీ, పెద్దవారు…

మినేగిషి గారూ, ఏడుస్తున్నారు. వారమంతా నిద్ర లేదట. మొహం చెల్లకే రానన్నారట, కోపంతో కాదట. విన్నారా?… డబ్బా నాకు కాదు. మా అమ్మమ్మ ఫోటో ముందు పెట్టాలట…

ఏంటీ? మాట మార్చాలా? ఇప్పుడా?

…ఆయన అడుగుతున్నారండీ. ఆ పదకొండు రోజులూ ఆవిడ ఏం తిన్నదని…

శుక్రవారం. ఆ. గుర్తుంది.

…కురోసే గారూ, కుర్చీలో కూర్చోండి. ఇవాళ… నలభై రెండో పేజీ. ప్రయాణాలు. మీకు… మీకు ఏ ఊరు వెళ్ళాలని ఉంది?

…సరిపోయిందా, మినేగిషి గారూ?… మంచిది. ఉంటాను… హలో?

పెట్టేశారు.

…చెరకే తిన్నదండీ, కురోసే గారూ. పదకొండు రోజులూ చెరకే. ఆ తర్వాత చచ్చేదాకా తీపి ముట్టలేదు.