అంకమ్మ పోయించిన ముగ్గు

పల్లపు అంకమ్మ అని ఒకామె ఉండేదంట. వడ్డెరామె. ఆ ఊళ్లో ఆమె పార దిగని పునాది లేదు. అట్టాంటామె ఉండేది మాత్రం కాలవ కట్ట మీద, తాటాకు గుడిసెలో. ఆమె ఒక్కతే కాదు, ఇరవై రెండు గుడిసెలు. గుడిసె పక్కన గాడిద, గాడిద పక్కన రాళ్లకుప్ప, అంతే అనుకో వాళ్ల ఆస్తి. ఏమైందంటే, ఒకరోజు కాలవ ఆఫీసాయన జీపులో వచ్చి, కట్ట వెడల్పు చేస్తన్నాం, ఈసారి కాలవకి నీళ్లు వదిలేలోపు మీరు గుడిసెలు పీకెయ్యాల అని చెప్పాడంట. మరి మేం ఎక్కడికి పోవాలయ్యా అని అంకమ్మ అడిగింది. అది నా పని కాదమ్మా అని ఆయన జీపెక్కాడు. అంకమ్మ ఇంట్లో నెలల మనవరాలుంది. ఆ పిల్ల ఉయ్యాల ఏ చెట్టుకి కట్టాల అని ఆమెకి అన్నం సయించలేదంట.

సరిగ్గా అప్పుడే ఓట్లు వచ్చినయ్యి. గొడుగు గుర్తు పార్టీ తరఫున రత్తయ్య వచ్చి మైకు పట్టుకుని, మేం గెలిస్తే ఇల్లే కట్టిస్తాం, రెండు గదులు, వంటిల్లు, పైన స్లాబు, తాళంచెవి మీ చేతిలో పెడతాం అన్నాడు. మర్నాడు బుట్ట గుర్తు సుబ్బరాయుడు వచ్చి, ఇల్లు వాళ్లు కట్టేదెప్పుడు, మీరు చేరేదెప్పుడు, మేం స్థలం ఇస్తాం, ఆడమనిషి పేరు మీద పట్టా ఇస్తాం, రేపు మిమ్మల్ని లెమ్మనేవాడు ఉండడు అన్నాడు. ఇంకేముంది, గుడిసెలు రెండుగా చీలినయ్యి. సగం మంది ఇల్లు అంటారు, సగం మంది పట్టా అంటారు. గంప ఎత్తే చెయ్యి ఒకళ్లది, అందుకునే తల ఒకళ్లది, మట్టిపని అట్టా కదా సాగేది. ఆ పనే ఆగిపోయింది. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోటం మానేశారంట. నవ్వమాకండి, పోయిన ఓట్లప్పుడు మనమూ ఇంతే.

అప్పుడు అంకమ్మ అందర్నీ కూర్చోబెట్టి, ఏమర్రా, మనం ఇల్లు కట్టేటప్పుడు ఏం చేస్తాం? ఆసామి మేడ అంటాడు, మిద్దె అంటాడు, అన్నీ వింటాం. కానీ ఆయన తన నేల మీద నిలబడి, తన చేత్తో మొదటి మేకు కొట్టి, తాడు లాగి సున్నంతో ముగ్గు పోసిందాకా మనం పార పడతామా? పట్టం గదా. మరి వీళ్ల దగ్గర మాత్రం నోటిమాట ఎట్టా నమ్మారు? అన్నదంట.

రత్తయ్య మళ్లీ వచ్చినప్పుడు ఆయన చేతిలో సున్నం డబ్బా పెట్టింది. ఏందే అంకమ్మా ఇది, అన్నాడు. పక్కనే ఫొటో తీసేవాడు ఉన్నాడు, వెంటనే సర్దుకుని, ఏందక్కా ఇది, అన్నాడంట. ఓట్లప్పుడు అక్కే లే. నువ్వు కట్టే ఇంటికి ముగ్గు పొయ్యి అయ్యా అంది. ఒక ముగ్గేగా అని నవ్వుతా పంచె ఎగ్గట్టి ఘనంగా పోశాడు. గదులు, వసారా, దొడ్డి. అంతా అయినాక అంకమ్మ, ఇల్లు బాగుందయ్యా, కానీ ఇది బస్సు తిరిగే రోడ్డు గదా అంది. నేల సంగతి తర్వాత చూద్దాంలే అని ఆయన కారెక్కాడు.

సుబ్బరాయుడు నేల చూపించాడు. ఊరికి తూర్పున ప్రభుత్వ మెరక, వానకి నీళ్లు నిలవవు, మంచి నేలే. సెంటు కొలిచి మేకులు కొట్టాడు. అంకమ్మ ఆ మేకుల మధ్య పడుకుని చూసింది. ఇక్కడ నా తల, అక్కడ అల్లుడి కాళ్లు, ఈ మూల పొయ్యి, ఇక్కడ ఉయ్యాల. మరి గాడిద ఏడ ఉంటదయ్యా? అది కూడా మీ పార్టీలో తిరగాలా? అన్నది. అందరూ పగలబడి నవ్వారంట. గోడలు ఎవరు లేపుతారు అంటే, అది మీరే చూసుకోవాల అన్నాడు సుబ్బరాయుడు.

చూశారా? ఒకళ్ల మాటలో ఇల్లుంది, కింద నేల లేదు. ఇంకొకళ్ల మాటలో నేలుంది, పైన కప్పు లేదు. అంకమ్మ రత్తయ్యకి కబురు పెట్టింది, నీ ఇల్లు తెచ్చి ఈ నేల మీద పొయ్యమని. వాళ్లు చూపించిన నేల మీద నేను పొయ్యాలా అని ఆయన మండిపడ్డాడు. సరే, పొయ్యనివాళ్లకి మా ఇరవై రెండు ఇళ్లలో ఓటు లేదు అని ఈమె ఊరుకుంది. మూడోరోజు పొద్దున్నే వచ్చాడు. పోస్తే ఏమైందంటే, ఆయన ఇల్లు సెంటులో పట్టలా, వసారా పక్క స్థలంలోకి పోయింది. అందరి ముందూ సుబ్బరాయుడు మేకు జరిపి రెండు సెంట్లు చేశాడు. రత్తయ్య ఒక మేకు కొట్టాడు, దొడ్డి గోడ తగ్గించాడు. ఇల్లు నేలలో కుదిరింది, ఇరవై రెండిళ్లకీ అదే కొలత అనుకున్నారు. అప్పుడు చెప్పింది అంకమ్మ, అయ్యల్లారా, మా కులంలో ఒక కట్టు ఉంది, కొట్టిన మేకుని పునాది తవ్విందాకా పీకం, కొట్టినవాళ్లనీ వదలం, అని. ఇద్దరి మొహాలూ చూడాల అప్పుడు.

ఓట్లు అయినయ్యి. ఎవరు గెలిచారని అడగమాకండి, కథకి అది అక్కర్లేదు. గెలిచినాయన నెల దాకా అటు తిరిగి చూడలేదు. వాన పడి గీతలు చెదిరినప్పుడల్లా వీళ్లు పనికి పోయే ముందు ఆ మెరక మీద మళ్లీ సున్నం పోశారు. ఒక్క వారం తప్పలేదు. ఒళ్లు వంచకుండా హక్కు అడిగేవాళ్లు నాకు నచ్చరు, వీళ్లు అట్టాంటివాళ్లు కాదు. రోడ్డున పోయే ప్రతివాడూ, ఆ మేకు ఎవరు కొట్టింది, ఈ మేకు ఎవరు కొట్టింది అని అడిగేవాడు. చివరికి ఓడినాయనకే సిగ్గేసి, నేను కొట్టింది కూడా ఉందిగా అని గెలిచినాయన ఇంటికి పోయాడంట. ఇద్దరూ కలిసి తాసిల్దారు ఆఫీసు మెట్లెక్కారు. పట్టాలు వచ్చినయ్యి, ఇళ్లకి డబ్బులూ మంజూరైనయ్యి. కాలవకి నీళ్లు రాకముందే ఇరవై రెండు పునాదులూ తవ్వారు. మాట్లాడుకోని అక్కాచెల్లెళ్లే ఒకళ్ల గంప ఒకళ్లు అందుకున్నారు.

అన్నీ పూర్తయినయ్యా అంటే, కాలేదు. పదకొండు ఇళ్లకి స్లాబు పడింది, మిగతావి గోడల్లో ఉన్నయ్యి, ఆ ఇళ్లవాళ్లు స్లాబు పడినవాళ్ల వసారాల్లో సర్దుకుంటన్నారు. అంకమ్మ మనవరాలు ఉయ్యాల దిగి నడుస్తంది.

మనూరికీ వస్తారు మళ్లీ, జెండాలు వేసుకుని. పోయినసారి మీరు మైకు బాగుందన్నారు, ఎవరన్నా మేకు ఇచ్చారా వాళ్ల చేతికి? సున్నం మా ఇంట్లో ఉంది, అడిగితే ఇస్తాను. అడక్కుండా ఓటేసొచ్చి, తర్వాత నా అరుగు మీద కూర్చుని ఏడిస్తే మాత్రం లేపి పంపిస్తాను.