టేపు మామ ఎందుకొచ్చాడు

మధ్యాహ్నం భోజనాల వేళ. మూతపడిన హోటళ్ళ సామాన్లు కొని, తెరవబోయే హోటళ్ళకి అమ్ముకునే ముసలాయన కిటికీ పక్క బల్ల దగ్గర సూపు తాగుతున్నాడు. హాల్లో ఆయన తప్ప ఇంకెవరూ లేరు. హోటలు ఓనరు ఆయనకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అది కాదు మామా, సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. ఎవరు పిలిచారు నిన్ను?"

"ఆకలి పిలిచింది బాబూ."

"ఆకలి! ఇంత వీధిలో, ఇన్ని హోటళ్ళుండగా, నీ ఆకలికి మా గుమ్మమే దొరికిందా?"

"భోజనం దొరుకును అని బోర్డు పెట్టావు. నాకు దొరకదని రాస్తే వచ్చేవాణ్ణి కాదుగా."

"ఎకసెక్కాలొద్దు. వీధంతా నిన్నేమంటారో తెలుసా? టేపు మామ. ఆ కొలతల టేపు జేబులో వేసుకుని నువ్వు ఏ హోటల్లో అడుగుపెడితే ఆ హోటలు నెల తిరక్కుండా షట్టరు దించుతుందట."

"దించేది నేనా? దిగిపోతున్న షట్టరు కింద నుంచి సామాను బయటికి లాక్కునేవాణ్ణి. నేను రాబట్టి మూసేయరు బాబూ, మూసేద్దామనుకున్నాక నన్ను పిలుస్తారు."

"అదుగో! పిలుస్తారు అన్నావు! నీ నోటితోనే అన్నావు. ఎవరు పిలిచారు?"

"సూపు బావుంది. ఎవరు చేశారు?"

"మా ఆవిడ. మాట మార్చకు."

"మొత్తం వంటంతా ఆవిడేనా?"

"వంటంతా, అంట్లు సగం. ఇంకో వంటమనిషిని పెట్టుకుంటే వాడు నాలుగు రోజులు చూసి, మా రుచులన్నీ మూటగట్టుకుని ఎదురు హోటలుకి పోతాడు. నాకు తెలీదా ఈ వీధి సంగతి? అయినా బల్ల కింద చెయ్యి పెట్టి ఏం చేస్తున్నావు?"

"చెప్పులో రాయి."

"రాయా, కొలతా?"

"ఈ బల్ల నేను నీకు అమ్మిందే బాబూ. దీని కొలతలు నాకు నిద్రలో లేపినా వచ్చు. ఈ చెంచా కూడా నాదే. ఉయ్యాల కుర్చీల హోటలుది."

"ఉయ్యాలలేమయ్యాయి?"

"గోడౌన్లో వేలాడుతున్నాయి. ఎవడు కొంటాడు? వేడి సూపు ఒళ్ళో ఒలకబోసుకున్నవాడు మళ్ళీ ఆ గుమ్మం ఎక్కుతాడా?"

"మూల మీద చీకటి హోటలు కూడా నువ్వే ఊడ్చుకెళ్ళావుగా?"

"ఊడ్చాను. దీపాలు లేకుండా తింటే రుచి బాగా తెలుస్తుందన్నారు వాళ్ళు. తెలిసింది. అందుకే జనం మళ్ళీ రాలేదు."

"మరి ఇప్పుడు దాని పక్కనే తెరుస్తున్నారే, గోడల నిండా మొక్కలు నాటి? తినడానికొచ్చారో మేయడానికొచ్చారో తెలీకుండా?"

"వాళ్ళకి చీకటి హోటలు పొయ్యే అమ్మాను. ఆర్నెల్లు కాపరం చేసి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది."

"నవ్వకు. ఆ నవ్వే నాకు నచ్చదు. మా హోటలు గురించి కూడా ఎక్కడో కూర్చుని ఇలాగే నవ్వుతుంటావు. మాదెన్నాళ్ళంటావు?"

"చెప్పమంటావా?"

"వద్దు. నీ నోటి వెంట రాకూడదు. సరే, చెప్పు."

"నేను ముందు పొయ్యిలు చూడను బాబూ. హాల్లో నుంచి వెనక్కెళ్ళే ప్లేట్లు చూస్తాను. చీకటి హోటల్లో ప్లేట్లు ఎలా వచ్చాయో అలాగే వెనక్కెళ్ళేవి. మీ ప్లేట్లు మొన్న చూశాను, తుడిచిపెట్టినట్టున్నాయి."

"మొన్నా? మొన్న వచ్చావా నువ్వు?"

"మొన్నా వచ్చాను, పోయిన వారమూ వచ్చాను. నువ్వు లేవు, మార్కెట్టుకెళ్ళావు."

"నేను మార్కెట్టుకెళ్ళే వేళ చూసుకుని మరీ వచ్చావన్నమాట! ఆ వేళ ఎవరికి తెలుసు? బయటివాళ్ళకి తెలీదే. చూశావా, చూశావా, ఒక్కొక్కటే బయటపడుతోంది."

"వంట బావుందంటున్నాను, అది చెవికెక్కలేదా నీకు?"

"అంత బావుంటే ఈ కుర్చీలు ఖాళీగా ఎందుకున్నాయి?"

"జనం వస్తున్నారు బాబూ. వచ్చినవాళ్ళని నువ్వు ఉండనిస్తే కదా."

"నేనేం చేశాను?"

"ప్లేటుకి ఫొటో తీసుకుంటున్న అమ్మాయి చేతిలో ఫోను లాక్కున్నావట."

"అది ఎదురు హోటలు పంపిన మనిషి!"

"పళ్ళ డాక్టరు బాబూ. నా దవడ పన్ను పీకింది ఆ అమ్మాయే."

"అయితే? పళ్ళ డాక్టరయితే గూఢచారి కాకూడదని ఉందా?"

"ఇందులో ఏమేశారు నాయనా అని ఓ పెద్దావిడ అడిగితే లేచి వెళ్ళమన్నావట."

"ఏమేశామో తెలుసుకుని ఆవిడేం చేసుకుంటుంది? తినేవాళ్ళు తిని పోవాలి, ఆరాలెందుకు?"

"ఒంటికి పడనిది ఏదో ఉండి ఉంటుంది. పాపం, మనవడి చెయ్యి పట్టుకుని సగంలో లేచిపోయిందట."

"ఆగాగు. ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"సూపు చల్లారిపోతోంది."

"చల్లారనీ! లోపలి మాట బయటికి పోతోంది. లోపలున్నది ముగ్గురం. నేను, మా ఆవిడ, సగం వాటా ఉన్న మా తమ్ముడు. నేను చెప్పలేదు. మా ఆవిడకి ఆ వంటింట్లో నుంచి తల బయటపెట్టే తీరికే లేదు. ఇంక మిగిలిందెవరు?"

"తొందరపడకు బాబూ."

"మా తమ్ముడే కదా?"

"నేనలా అన్లేదు."

"కాదని కూడా అన్లేదు!"

"నేను చెప్పనని మాటిచ్చాను. వాళ్ళే చెప్తానన్నారు. ఈ సూపు అయ్యేదాకా ఓపిక పట్టు."

"మాటిచ్చాడట, మాట! వాడి మొహం నాలుగు రోజులుగా నేను చూస్తూనే ఉన్నాను. పిలిస్తే పలకడు, పలికితే నేల చూపులు. హోటలు అమ్మేసి వాటా పట్టుకుని చెక్కేద్దామని. ఉండు, ఇప్పుడే వాడికి ఫోను చేసి తేలుస్తాను. ఒరేయ్! ఎక్కడున్నావు? అన్నం తినిపించి పిల్లని మళ్ళీ బడి దగ్గర దింపుతున్నావా? నువ్వు దింపుతున్నది నా షట్టర్రా! టేపు మామ నా ఎదురుగానే ఉన్నాడు. ఏ మామ అంటావా? అబ్బ, నంగనాచి! నీకేం తెలీదు, పాలు తాగే పిల్లాడివి!"

"బాబూ, ఆ ఫోను పెట్టేయ్. అతను కాదు."

"నువ్వుండు మామా, నీ పని తర్వాత చెప్తాను. ఏరా, నిన్ను భుజాల మీద మోసి పెంచిన అన్నని రోడ్డు మీద పడేద్దామనుకున్నావా? ఒట్లేయకు. పిల్ల మీద ఒట్టేయకురా సన్నాసీ! నీ వాటా నీ మొహాన కొడతాను. మళ్ళీ నా గడప తొక్కావంటే కాళ్ళు విరుగుతాయి. నీకు అన్న లేడనుకో. పోయాడనుకో! హలో? హలో? పెట్టేశాడు. చూశావా మామా? తప్పు చేసినవాడు కాబట్టే పెట్టేశాడు."

"ఏడుపు ఆపుకోలేక పెట్టేశాడేమో. పొరపాటు చేశావు బాబూ."

"ఏవండీ, ఏంటా కేకలు? బయట మెనూ చదువుతున్న ఇద్దరు అది విని అటు నుంచి అటే వెళ్ళిపోయారు."

"రావే, రా. చెయ్యి తర్వాత తుడుచుకుందువుగాని. నీ ముద్దుల మరిది హోటలు అమ్మేస్తున్నాడు. ఇదుగో, కొలతలకి మనిషిని కూడా పంపాడు. ఫోనులో చెడామడా కడిగేశాను."

"అయ్యయ్యో! అతన్నా? అతనికేం తెలుసండీ పాపం! బాబాయిగారిని రమ్మన్నది నేను."

"బాబాయిగారా? వరస కూడా కలిపేశావా?"

"మీరు మామా అంటే నాకు బాబాయే కదా."

"నువ్వా పిలిచింది? నువ్వా? ఏం, పొయ్యి అమ్మేద్దామనా? నాకొక్క మాట చెప్పకుండా?"

"మీకు చెప్పాలనే రోజూ అనుకుంటాను. నోరు తెరిస్తే, ఎవరు నేర్పారీ మాట అంటారు. అందుకే ఆయన ఎదురుగా ఉన్నప్పుడు చెబుదామని రమ్మన్నాను."

"నేను చెప్పనా అమ్మా?"

"వద్దు బాబాయిగారూ, నేనే చెప్తాను. ఏవండీ, వీధి చివర పాత కారు గ్యారేజీ ఉంది చూడండి, అది ఆయన తీసుకున్నారు. ఇన్నాళ్ళూ అందరి హోటళ్ళూ మోసి మోసి, సొంతంగా ఒకటి పెడుతున్నారు."

"అదీ సంగతి! అందుకా వంటింట్లోకి ఆ చూపులు! ముసలాడికి మన పొయ్యి కావాలి. ఇవ్వను. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వను. ఈ హోటల్లో నుంచి చెంచా కూడా కదలదు!"

"మీ పొయ్యి మీ దగ్గరే ఉంచుకోండి. ఆయన గోడౌను నిండా పొయ్యిలే. ఆయన అడిగింది నన్నండీ, వంటకి. వస్తానని మాటిచ్చేశాను."