రెండు మబ్బులు కుట్టిన రోజు

1974 జూన్ 19, బుధవారం. పొద్దున తుంపర పడి, మధ్యాహ్నానికి ఆగిపోయింది. ఆ తర్వాత ఆకాశం నిండా మబ్బే గాని ఒక్క చుక్క రాలలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ వాన ఎందుకు ఆగిందో సాయంత్రం ఐదున్నరకు టీకొట్టులో ఒక మనిషి వివరంగా చెప్పాడు మరి.

ఆ టీకొట్టు నడిపే ఆవిణ్ణి వీధిలో అందరూ అక్కా అనేవాళ్లు. కొట్టులో రెండు బల్లలు. ఒకదానికి కాలు పొట్టి. దాని కింద మడిచి పెట్టిన అట్టముక్కను ఎవరో ఒకరు తన్నేయడం, అక్క తిట్టుకుంటూ మళ్లీ పెట్టడం రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం అట్టముక్క ఎటో పోయినా ఆవిడ చూడలేదు. ఆవిడ చూపంతా రోడ్డు మలుపు మీదే ఉంది.

ఆవిడ ఒక్కగానొక్క కూతురు బిస్కెట్ల ఫ్యాక్టరీలో, ప్యాకింగు హాల్లో పని. తొమ్మిది గంటలు నిలబడే డబ్బాలు నింపాలి. కూర్చోడానికి స్టూళ్లు ఇప్పించండయ్యా అని ఏడాదిగా అడిగి, విసిగి, ఆ పొద్దున ఆడవాళ్లందరూ జెండా గుడ్డ పట్టుకుని పెద్దాఫీసుకు ఊరేగింపుగా బయల్దేరారు. రెండు గంటలకు కబురొచ్చింది: వంతెన దగ్గర పోలీసులు ఆపేశారు, కొందరిని వ్యాను ఎక్కించారు. ఎవరెవరిని అన్నది కబురు తెచ్చినవాడికి తెలియదు. అప్పటి నుంచి అక్క రెండుసార్లు పాలు పొంగిపోనిచ్చింది, చక్కెర వేయని టీ మూడుసార్లు ఇచ్చింది. తాగినవాళ్లు కిక్కురుమనలేదు.

అలాంటి సమయంలో బస్సు దిగాడు ఆవిడ తమ్ముడు.

తమ్ముడు టైలరు. గుడ్డ ఎంత పొదుపుగా కత్తిరిస్తాడో మాటలు అంత ధారాళంగా కత్తిరిస్తాడని, వీధివాళ్లు ఆయనకు గజాల మావయ్య అని పేరు పెట్టారు. పక్క ఊరి పోలీసు స్టేషనుకు ఖాకీ ప్యాంట్లు కుట్టిచ్చే పని ఆయనది. ఆ రోజు ఆ మూటతోనే వెళ్లాడు, ఆ వంతెన రోడ్డునే వెళ్లాడు.

"ఒరే, పిల్ల కనబడిందా?" అంది అక్క, ఆయన మెడలో టేపు సర్దుకునే లోపలే.

"కనబడకేం! నిక్షేపంలా ఉంది. నాలుగు వేలమంది మధ్యలో మహారాణిలా నిలబడి ఉంది."

అక్క ఎంగిలి గ్లాసులు ముందుకు లాక్కుంది. ప్యాకింగు హాలు మొత్తానికి అరవైమంది ఉంటారు.

తమ్ముడు అబద్ధం చెప్పేటప్పుడు అంకెలు వస్తాయని ఆవిడకు చిన్నప్పుడే తెలుసు. పాలగిన్నె ఒలకబోసినప్పుడు ఏడు పిల్లులు వచ్చాయన్నాడు. బడి ఎగ్గొట్టినప్పుడు దారిలో పదకొండు ఎద్దులు అడ్డం పడ్డాయన్నాడు. ఒక్క రోజు మాత్రం, తెల్లవారుతూనే వచ్చి, "అక్కా, నాన్న లేవట్లేదే," అన్నాడు. అంతే. అందులో అంకె లేదు.

అందుకని ఆవిడ గ్లాసులు కడుగుతూ, అంకె లేని మాట కోసం చెవి ఒగ్గి నిలబడింది.

"వంతెన చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు," అని మొదలెట్టాడు మావయ్య, బల్ల మీద బాసింపట్టు వేసుకుని. "ఎదురుగా ఊరేగింపు, ఇటు నాలుగొందలమంది పోలీసులు. ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, అయ్యా మీరే దిక్కు అన్నాడు. సరే, దిగాను. దిగేసరికి ఆడవాళ్ల జెండా గుడ్డ గాలికి నిలువునా చిరిగింది. ఎంతనుకున్నారు? మూడొందల గజాలు!"

"వంతెనే నూటయాభై గజాలు," అన్నాడు రిటైరైన లెక్కల మాస్టారు.

"మడిచి పట్టుకున్నారు మాస్టారూ, మధ్యలో రాకండి. నడుస్తూనే కుట్టాను. ఏడు నిమిషాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆడవాళ్లు ఒక్క కేక వేశారు, ఆ కేకకు పోలీసుల చొక్కా గుండీలన్నీ పటపటా ఊడిపోయాయి. పన్నెండొందల గుండీలు!"

"ఒక్కొక్కరికి మూడే ఊడాయన్నమాట," అన్నాడు మాస్టారు.

"అవీ కుట్టాను. అయితే హడావుడిలో చిన్న పొరపాటు జరిగింది. గుండీలతో పాటు పోలీసుల చొక్కాలు కూడా జెండా గుడ్డకే కుట్టేశాను. మొత్తం వరస! ఇంకేముంది, ఊరేగింపు ఎటు నడిస్తే నాలుగొందలమందీ అటే, చీరకు అంచులాగా."

పోస్టుమాను టీ మింగలేక దగ్గాడు. "మరి వ్యానెందుకు ఎక్కించారు మావయ్యా?"

గ్లాసు కడుగుతున్న అక్క చెయ్యి ఆగింది.

"ఎక్కడ ఎక్కించారు? వ్యాను వెనక గుడ్డ తలుపు కూడా కుట్టేశాగా! తొంభై కుట్లు, ఇనప కుట్లు! ఇంతలో వానొచ్చేలా ఉంది. పాపం ఆడపిల్లలు తడుస్తారే అనుకుని, ఆ వ్యానెక్కి, పైన చిరిగి వేలాడుతున్న మబ్బులు రెండు పట్టుకుని…"

"ఒరే తమ్ముడూ," అంది అక్క. గొంతు పెద్దది చేయలేదు. "నా కూతురేదిరా?"

గాలిలోకి లేపిన సూదిని, అంటే సూది పట్టుకున్నట్టున్న వేళ్లను, మావయ్య మెల్లగా కిందికి దించాడు.

"దాని కుడి చెప్పు తెగిందక్కా," అన్నాడు. "కుట్టిచ్చాను. వస్తోంది."

అక్క ఒకసారి ఆ మాటను పైకీ కిందికీ చూసుకుంది. ఎక్కడా అంకె లేదు. పక్కనున్న డబ్బా మీద కూలబడి, పమిట చెంగులో మొహం దాచుకుంది. తర్వాత లేచి, వెతికి, బల్ల కాలి కింద అట్టముక్క పెట్టింది.

"…మబ్బులు పట్టుకుని," అన్నాడు మావయ్య, ఊపిరి తీసుకుని, "అరవై గజాల దారంతో కలిపి కుట్టేశాను. అందుకే చూడండి, ఇప్పటిదాకా చినుకు లేదు!"

"నా చెప్పుకే దారం చాల్లేదు మావయ్యా, మబ్బుకెక్కడిది?"

కూతురు. మోకాళ్ల దాకా దుమ్ము, గొంతు బొంగురు. కుడి చెప్పు పట్టీకి ఖాకీ దారంతో వంకరటింకర కుట్టు. అక్క వెళ్లి తల నిమిరింది, భుజాలు తడిమింది, చివరికి వంగి ఆ చెప్పును కూడా తడిమింది.

"వ్యాను?" అంది.

"ముగ్గుర్ని ఎక్కించారమ్మా, మళ్లీ దింపేశారు. పేర్లు రాసుకుని అందర్నీ వదిలేశారు. పొద్దున్నించి మేం అడిగింది కూర్చోవడమే కదా, సాయంత్రం దాకా రోడ్డు మీద కూర్చోబెట్టారు. రేపు స్టూళ్ల సంగతి మాట్లాడతామన్నారు."

"మరి మీ మావయ్య?" అన్నాడు మాస్టారు, ఆత్రంగా.

"మూటలో పోలీసు ప్యాంట్లు దొరికాయిగా! పోలీసు వేషం వేసుకుని వాళ్లలో కలవడానికొచ్చాడని పట్టుకున్నారు. మావయ్యకు నోట మాట రాలేదు. మా మావయ్యేనండీ, టైలరండీ అని మేమంతా అరిచాం. టైలరైతే కుట్టి చూపించు అన్నాడు ఇన్‌స్పెక్టరు. కుట్టడానికి నా చెప్పు ఇచ్చాను. ఈయన చేతులు ఒకటే వణుకు, సూదిలో దారం ఎక్కితేనా! చివరికి ఇన్‌స్పెక్టరే ఎక్కించి పెట్టాడు."

నవ్వులకు బల్ల ఊగింది, అట్టముక్క మళ్లీ ఎగిరిపోయింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది అక్కే. కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది. మావయ్య గడ్డం గోక్కుని, "మబ్బుల సంగతి మాత్రం అది చూళ్లేదులే, కింద కూర్చుంది," అన్నాడు.

అప్పుడు రేకుల మీద టప్‌మని ఒక చినుకు పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత కుండపోత.

"కుట్టు విడిపోయినట్టుంది," అన్నాడు లెక్కల మాస్టారు.

ఆ శీతాకాలానికి ప్యాకింగు హాల్లోకి స్టూళ్లు వచ్చాయి. పందొమ్మిదేళ్ల తర్వాత మావయ్య పోయాడు. కుట్టు మిషను మేనకోడలికి రాశాడు. కత్తెర పోస్టుమానుకు, మెడలోని టేపు లెక్కల మాస్టారికి. మాస్టారు దాన్ని ఇంటికి తీసుకెళ్లి స్కేలు పక్కన పెట్టి చూస్తే, అంగుళం కూడా తేడా లేదట. మబ్బుల కథ వీధి మొత్తానికి వచ్చింది. ఇప్పుడందులో మబ్బులు ఐదు. అక్కకు మాత్రం ఏమీ రాయలేదు. అదేమిటని ఎవరో అడిగితే, నాకివ్వాల్సింది వాడు ఆ చెప్పు తెగిన రోజే ఇచ్చేశాడుగా అని, ఆవిడ గ్లాసులు కడుక్కుంది.