కడిగిన బెల్టు

భూమికకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తాను కడిగి ఆరబెట్టిన సీటు బెల్టు పెట్టుకుని భార్గవి మేడం ఏదో ఒక రోజు ప్రాణం పోగొట్టుకుంటుందని. ఆదివారం తెల్లవారగానే మూడేళ్ల కొడుకును పక్కింటి గౌరమ్మకు అప్పజెప్పి, తార్నాక నుంచి యూనివర్సిటీ దాకా నడిచే వచ్చింది. పాత కార్లకు ధర కట్టే రంగనాథ్ సార్ పొద్దుటి నడక ముగించి, ఆర్ట్స్ కాలేజీ ముందు బెంచీ మీద దొరికాడు.

“ఏ కారమ్మా? నెలకు పది చూస్తాను. ఎర్ర కారు అంటే నాకెట్లా గుర్తుంటుంది?”

“రెండు తలుపులది సార్. స్పోర్ట్స్ కారు. బటన్ నొక్కితే పైకప్పు ఎనకకు పోతది. దయాకరన్న పాత కార్ల షాపుల అమ్మకానికి పెట్టిన్రు. పదమూడున్నర లక్షలని మీరే కాయితం రాసిచ్చిన్రు.”

“ఓ, అదా. రాసిస్తిని. అయితే ఏమి?”

“అది పదమూడున్నర చేసే బండి కాదు సార్.”

“నువ్వు చెప్తావా నాకు? ముప్పై ఏండ్లు ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పనిచేసినోణ్ణి. ఎప్పటి బండి, ఎంత తిరిగింది, ఎన్ని చేతులు మారింది, పెయింట్ ఎంత మందం ఉంది, అన్నీ చూసే రాస్తా. అట్లాంటి బండ్లు ఊర్లో నాలుగుంటే ఎక్కువ. కొనేవాళ్లూ నలుగురే. దానికి బజారు ధర చెప్పడం ఆషామాషీ అనుకున్నావా? ఎవరు పంపించినారు నిన్ను? దయాకరా?”

“అన్నకు తెలిస్తే నా పని ఊడుతది సార్. నేను ఆ షాపుకు సీట్లు కుడ్త. భూమిక నా పేరు.”

“భూమికవా నువ్వు?”

“మీకెట్ల తెలుసు సార్?”

“ఏమో, దయాకర్ అన్నట్టుండాడు. ఆ నల్ల తోలు మీద ఎర్ర దారం కుట్లు నీవేనా? బాగుండాయి. ఆ సీట్లు చూసే ఇంకో నలభై వేలు ఎక్కువ కడితిని.”

“అట్ల చెప్పకండి సార్. ఇంకింత పాపం తగుల్తది.”

“పాపమేముంది అందులో?”

“ఆ బండి మునిగింది సార్. పోయిన వానాకాలం రామంతాపూర్ల ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్ల, రెండు రోజులు నీళ్లల్లనే ఉన్నది.”

“ఎవరు చెప్పినారు?”

“సెల్లార్ సంగతి షాపుల తర్వాత ఎరుకైంది. ముందుగాల బెల్టు చూసే తెలిసింది. మొత్తం గుంజితే సగం దాకా మట్టి గీత ఉండె. నీళ్లు ఆడిదాకా వచ్చినట్టే కదా. ‘భూమికా, గీ గీత పోవాలె’ అన్నడు అన్న. సర్ఫుతోని కడిగితే రంగు ఎలుస్తదని కుంకుడు రసం పెట్టిన. బెల్టు మళ్ల లోపలికి పోకుండ బట్టల క్లిప్పు పెట్టి, మూడు రోజులు పాత బ్రష్షుతోని రుద్దిన. పోయింది.”

“నేనూ కడదాకా లాగి చూస్తిని. గీత లేదు.”

“ఉంటే కదా సార్.”

“తప్పని తెలీదా నీకు?”

“తెలిసీ తెలియక...”

“రెండిట్లో ఒకటి చెప్పమ్మా.”

“తెలిసే సార్. తెలిసే చేసిన.”

“సరే. బండి అమ్ముడుపోయింది. ఇప్పుడు నా దగ్గరకొచ్చి ఏం లాభం?”

“కొన్నది భార్గవి మేడం సార్.”

“తెలుసు. ఇక్కడే ఫిజిక్స్ చెప్తుంది.”

“నాక్కూడ చెప్తది. తొమ్మిదో క్లాసుల ఉండంగనే నాకు పెండ్లి చేసిన్రు సార్, బడి బందయింది. ఇప్పుడు ఓపెన్ స్కూల్ల టెన్త్ కట్టిన. ఆదివారమొస్తే మేడం వాళ్ల క్వార్టర్ల కూసోబెట్టి లెక్కలు చెప్తది. పైసా తీసుకోదు. నా కొడుకు ఆమె పెన్నులన్నీ ఇరగ్గొడ్తడు, ఒక్క మాట అనదు. గసొంటి మనిషి.”

“అయితే ఆమెకే చెప్పాల్సింది, కొనకముందు.”

“కొనకముందు ఆమెనే నన్ను అడిగింది.”

“ఏమని?”

“ ‘ఆ కారు లోపలంతా నువ్వే చూశావు కదా భూమికా, కొనొచ్చా?’ అని.”

“నువ్వేమన్నావు?”

“దయాకరన్న ఆడనే నిలబడ్డడు సార్.”

“వాడు యాడ నిలబడ్డాడని కాదు. నువ్వేమన్నావు?”

“ ‘రంగనాథ్ సార్ చూసినంక ఇంకేముంటది మేడం’ అన్న.”

“నా పేరు చెప్పినావా!”

“మీ పేరే చెప్పిన. అది అబద్ధం కాదు కదా అనుకున్న.”

“బాగుంది. బెల్టు నువ్వు కడగాల, పేరు నాది చెప్పాల.”

“మీరు పట్టుకుంటరనుకున్న సార్. నా కొడుకు మీద ఒట్టు. అందరు ఏమంటరు? రంగనాథ్ సార్ అద్దాలన్నీ ఎక్కించి అయిదు నిమిషాలు ఊకె కూసుంటడు, మునిగిన బండి అయితే వాసన పట్టి చెప్పేస్తడు, ఆయన ముక్కు ముంగట మిషన్లు పనికిరావు అంటరు. అందుకే దయాకరన్న సీట్ల కింద కాఫీపొడి సంచులు పెట్టిచ్చిండు, తడిసి ముక్కిన వాసన గుంజుకుంటదని. ఆ సంచులు గూడ నేనే కుట్టిన. మీరొచ్చే ముందల అన్నీ తీసెయ్యమన్నడు. ఒకటి తీయలే.”

“మర్చిపోయినావా?”

“కావాలనే తీయలే. కాఫీ వాసన వస్తే మీకు అనుమానం వస్తది, సీటు ఎత్తి చూస్తరు, నేను నోరు తెరవకున్నా అయిపోతది అనుకున్న. మీరు కూసున్న సీటు కిందనే పెట్టిన సార్. వాసన రాలేదా?”

“ఎండ ఎక్కుతోంది. బిడ్డ లేచి ఉంటాడు, ఇంటికి పో.”

“ఎండ ఏడున్నది సార్, ఇంక ఏడు గొట్టలే.”

“పో తల్లీ.”

“పావుకిలో పొడి సార్. అద్దాలెక్కించుకొని అయిదు నిమిషాలు కూసున్నరు. కాఫీ వాసన రాలేదా?”

“రాలేదు.”

“అంత పొడి...”

“ఏ వాసనా రాదమ్మా నాకు. కరోనా వచ్చిపోయినప్పుడు పోయింది ముక్కు. నాలుగైదేండ్లాయె. పొయ్యి మీద పప్పు మాడినా తెలీదు. మా ఇంటామెకు తప్ప ఇంకొకరికి ఎరుక లేదు.”

“మరి కారుల కూసునుడు?”

“కూర్చుంటా. బయట అందరూ నోళ్లు మూసుకొని చూస్తుంటారు. కండ్లు మూసుకొని మనసులో మూడొందలు లెక్కపెట్టుకుంటా. దిగి, ‘వాసన లేదు’ అంటా. అదొక్కటి అబద్ధం కాదు.”

“ఇన్నేండ్ల సంది?”

“ముక్కు పోయిందని చెప్తే నన్ను పిలిచేదెవరు? పెయింట్ మందం చూసే మీటర్ ఎవడైనా కొనుక్కుంటాడు. నీ కుంకుడు రసం నన్ను బోల్తా కొట్టించింది చూడు. బెల్టు మీద గీత లేదు కాబట్టి మునగలేదు అనుకొంటిని.”

“నేనేమో మీ ముక్కు ఉన్నదనుకున్న.”

“ఇద్దరమూ బాగానే అనుకున్నాం.”

“నగకండి సార్.”

“నవ్వు కాదమ్మా ఇది.”

“లేవండి. మేడం క్వార్టర్‌కు పోదాం. కాయితం తప్పని మీరు చెప్పండి, నేను కూడ చెప్త.”

“నువ్వేం చెప్తావు?”

“అదే. కడిగిన అని.”

“నేను బండి చూసే రెండు నెల్లాయె, బెల్టు అంతకు ముందే కడిగినావు. ఈ పొద్దు ఉరికొచ్చినావంటే ఇంకేదో ఉంది.”

“ఏం లేదు సార్.”

“ఏం లేకపోతే కొంగు అట్లా మెలిపెట్టవు. చెప్పు.”

“బండి కొన్న రోజు మా గల్లీకి తెచ్చింది సార్. కప్పు తీసి. పిల్లలంతా ఉరికొచ్చిన్రు. మేడం నా కొడుకును ఎత్తుకొని ముందల సీట్ల కూసోబెట్టింది. ‘నా మొదటి ప్యాసింజర్ వీడే’ అన్నది. బెల్టు పెట్టింది. నేను కడిగిన బెల్టు సార్, వాని పొట్ట మీద...”

“ఊ.”

“ ‘మేడం, వానికి కడుపునొప్పి లేసింది, దించండి’ అన్న. కడుపునొప్పి లేదు, ఏం లేదు. వాడు దిగనని ఒకటే ఏడుపు. గుంజుకున్న. ‘అయ్యో, పర్లేదు, తగ్గినాక తిప్పుతాలే’ అని, వానికి టాటా చెప్పి పోయింది.”

“ఒక్కతే పోయిందా?”

“ఒక్కతే. నా కొడుకును దించుకున్న సార్. ఆమెను పోనిచ్చిన.”

“నీళ్లు తాగు. ఇదిగో, బాటిల్ ఉంది.”

“వద్దు. రెండు ఆదివారాలు క్లాసుకు పోలే. ఇది మూడోది. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలే. రోడ్డు మీద అంబులెన్స్ మోగితే సూది ఏలుకు గుచ్చుకుంటున్నది. ఇయ్యాల సెలవు కదా, ఏడికన్న దూరం పోతదేమో. లేవండి సార్, మీ కాళ్లు మొక్కుత.”

“కూర్చో. బండి ఆమె దగ్గర లేదు.”

“ఏమైంది? మేడంకు ఏమైంది సార్?”

“ఆమెకేం కాలేదు. శుక్రవారం తార్నాక సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. స్టీరింగ్ ముందరుండే లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయినాయంట. నలుగురు పిల్లోళ్లు పక్కకు తోసినారు. మెకానిక్ విప్పి చూస్తే వైర్ల దగ్గరంతా ఎండిన బురద. నిన్న నా కాయితం పట్టుకొని వచ్చింది. బండి దయాకర్ షాపు ముందర పెట్టించినాం. మునిగిన బండి, నాలుగు లక్షలు కూడా చేయదు అని మళ్లీ రాసిస్తిని. వాడు వాపసు తీసుకోవాల్సిందే.”

“నిన్ననే ఎరుకనా మీకు? మరి ‘ఏ కారమ్మా’ అన్నరేంది! నా పానం పోయినంత పనైంది. మొదలే చెప్తే ఏం పోయేది సార్?”

“మొదలే చెప్పుంటే దండం పెట్టి లేచి పోయేదానివి. నిన్న ఆమె ముందర ముక్కు సంగతి చెప్పలేకపోతిని. ‘దయాకర్ మోసం చేసినాడు’ అని తప్పించుకొంటిని. ఇంకొకరు ముందు ఒప్పుకుంటే నాకూ నోరు వస్తుందేమో అని కూర్చుంటి.”

“నా సంగతి... కడిగింది నేనని దయాకరన్న చెప్పిండా?”

“వాడెందుకు చెప్తాడు? వాడికి రేపు ఇంకో బండి కడిగించుకోవాల.”

“అయితే మేడంకు తెల్వదు.”

“తెలీదు. నేను చెప్పను.”

“మీ ముక్కు సంగతి నేను గూడ ఎవరికి చెప్ప.”

“సరిపోయింది. లేవాలనుకుంటే ఇద్దరమూ ఇట్లనే లేచి ఎవరిళ్లకు వాళ్లం పోవచ్చు.”

“మేడం నా గురించి ఏమన్న అన్నదా సార్?”

“అన్నది.”

“తిట్టిందా?”

“నడక అయినాక మీ ఇంటికే రావాలనుకొంటి. నువ్వే ఎదురొస్తివి. ఇదిగో, అడ్రస్ రాసిచ్చింది. ఆమె రాతే, చూసుకో.”

“కండ్లల్ల నీళ్లొచ్చి ఏం కనిపిస్తలేదు. మీరే చదవండి సార్.”

“ ‘భూమిక, తార్నాక. మెయిన్ రోడ్డు వెనక రెండో గల్లీ, కుట్టుమిషన్ ఉన్న ఇల్లు. ఆ రోజు బాబుకు కడుపునొప్పి అన్నది, అప్పటినుంచి రావడం లేదు, ఫోన్ తీయడం లేదు. వాడికి తగ్గిందో లేదో ఒక్కసారి వెళ్లి చూసి రండి సార్.’ ”