అయిదో రోజు

నెల తప్పిన ఆమె ఖాళీ మాత్రల అట్టను నర్సు బల్ల మీద పెట్టింది.

“ఒక్కటీ మానలేదు, నర్సమ్మా.”

“ఎప్పుడు మొదలెట్టావు?”

“నువ్వు సెప్పినట్టే అయిదో రోజున. నాలుగోనాడు తలకి నీళ్లోసుకున్న కాడ్నించి లెక్కెట్టినాను.”

“ముట్టయిన రోజు నుంచి లెక్కపెట్టాలమ్మా.”

“బయటున్న మూడ్రోజులూ మేం దేంట్లోనూ లెక్కెట్టం గదా.”

“అలా ఆలస్యమైతే, ఏడు రోజులు వరసగా మింగాకే మాత్ర పనిచేస్తుంది. ఆ వారం దూరంగా ఉన్నారా?”

“రెండో మాత్ర నాడే మా ఆయన కలకత్తా మిల్లు నుంచి సెలవు మీదొచ్చినాడు.”

“ఇంకో కాన్పయితే బతకవని డాక్టరమ్మ మీ ఇద్దరికీ చెప్పింది కదా.”

“అందుకే ఆయన అరుగు మీద పడుకుంటానన్నాడు. మాత్రలున్నాయి, బయమేటని నేనే లోపలికి పిలిసినాను.”