ఎపిసోడ్ అయ్యేదాకా పరుగు

బారిడీహ్ వీధుల్లో పరుగు ముగించుకుని వచ్చి, గుమ్మంలో ఆయన బూట్లు విప్పుకుంటున్నాడు. ఆయన చెవిలోని ఇయర్‌ఫోన్ భార్య లాక్కుని తన చెవిలో పెట్టుకుంది.

“ఈ ఎకనామిక్స్ ఆయనేటండీ ఇంత గాభరాగా మాట్లాడతన్నాడు? ఎవరైనా తరుముతన్నారా?”

“ధరలు పెరిగిపోతన్నాయి కదా. అందుకే కంగారు.”

“పాడ్‌కాస్ట్ అయ్యేదాకా పరిగెత్తాలని మన ఒప్పందం. స్పీడు రెండింతలు పెట్టీసినారా?”

“ఇయ్యాళ అదే చెప్పినాడు. దేన్ని కొలిస్తే మనుషులు దాన్లోనే దొంగదారి ఎతుకుతారంట.”

“బాగా చెప్పినాడు. రేపట్నుంచి ఆయనెందుకు? నేనే పక్కన సైకిలు మీద మాట్లాడుకుంటా వత్తాను.”

“నువ్వేటి మాట్లాడతావు?”

“మా పుట్టింటి సంగతులు. అవి అయ్యేదాకా పరిగెత్తుదురు గాని.”

ఆయన విప్పిన బూటు మళ్లీ తొడుక్కున్నాడు.

“మామూలు స్పీడులో ఇప్పుడే ఇంకోసారి ఇనేసొత్తాను.”