సిగ్నల్‌మన్ లువాన్ సందేశం

చింగ్‌దావ్ రేవులో మ్యూజియంగా మారిన పాత యుద్ధనౌక. ఒకప్పుడు అందులోనే పనిచేసిన లువాన్‌కి డెబ్బై దాటాయి. అతని పక్కన, రోజూ పార్కులో అతనితో డాన్సు చేసే మియావ్ రుయిఫెన్. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. ఇద్దరూ ఓడ నడిపే గదిలో ఉన్నారు.

"...అదిగో, ఆ ముందున్నది ఫిరంగి."

"అది ఫిరంగని నాకూ తెలుసయ్యా లువాన్. పోయిన ఆదివారం కూడా చూపించావు."

"అప్పుడు పాత రంగండి. ఇప్పుడు కొత్తది వేశారు."

"రంగు చూపించడానికా నన్నిన్ని మెట్లెక్కించావు?"

"మెట్లనరండి. ఓడలో నిచ్చెనంటారు."

"నా మోకాళ్లకి ఏదైనా ఒకటే. ఏదో చెప్పాలన్నావు."

"అదే, చెప్పాలనే. నేను అక్కడ, బయట నిలబడేవాణ్ణి. రెండు చేతుల్లో రెండు జెండాలు. అవతలి ఓడకి ఏం చెప్పాలన్నా ఊపి చెప్పడమే."

"అంటే నోరు తెరవకుండానే ఉద్యోగమంతా లాగించేశావు."

"నోటితో పనే లేదండి."

"ఇప్పుడుంది. రేపు పొద్దున్నే నా రైలు."

"చెంగ్‌దూ మరీ దూరం కదండీ."

"దూరమే. కోడలికి నెలలు నిండాయి. వెళ్తే మనవడు బడికెళ్లేదాకా నన్ను వదలరు. ఇక్కడ నీకేం పనుందమ్మా అంటాడు మావాడు. ఏం చెప్పను?"

"డాన్సుందని చెప్పండి."

"నువ్వు నా కాళ్లు తొక్కే సంగతి కూడా చెప్పనా?"

"ఈ మధ్య తగ్గించాను కదండీ."

"తగ్గించావు. ఇప్పుడు కుడికాలే తొక్కుతున్నావు."

"రుయిఫెన్ గారూ."

"ఆఁ."

"ఆ పైన తిరిగేది రాడారు..."

"లువాన్."

"కాదు, కాదు, చెప్తాను. మీ మొహం చూస్తే రావట్లేదు. జెండాలుంటే ఈపాటికి చెప్పేద్దును."

"ఆ భాష నాకు రాదు. ఇదిగో, ఈ మైకులో చెప్పు. నేను అటు తిరిగి సముద్రం చూస్తుంటాను."

"అది కెప్టెను మైకు. ముట్టుకుంటే తోలు తీసేవాడు."

"ఉన్నాడా ఇప్పుడు?"

"లేడు. అదీ పనిచెయ్యదు లెండి."

"మరింకేం. పట్టుకో. ఊఁ."

"అందరూ వినండి. అందరూ వినండి."

"బాగుంది. గొంతు పెంచు."

"నేను సిగ్నల్‌మన్ లువాన్. వాతావరణం బాగుంది. గాలి... గాలి కూడా బాగుంది."

"నవ్వించకు. విషయానికి రా."

"విషయం ఏమిటంటే, మియావ్ రుయిఫెన్ గారు రేపు రైలెక్కకూడదు. మొన్న ఆవిడకి జ్వరమొచ్చి పార్కుకి రాకపోతే, నేను దీపస్తంభంతో డాన్సు చేశాను."

"నిజంగానా?"

"అటు తిరగండి. నా ఇల్లు చిన్నది. వంట నేనే చేస్తాను, ఆల్చిప్పల కూర కారంగా. గురక పెడతానని పోయిన మా ఆవిడ అనేది, నేను నమ్మలేదు. రుయిఫెన్ గారికిష్టమైతే నన్ను పెళ్లి చేసుకోమని అడుగుతున్నాను. ఇష్టం లేకపోతే రేపు స్టేషనుకి సామాను మోస్తాను. సందేశం పూర్తయింది."

"హు... హు హు..."

"ఏమండీ, ఏడుస్తున్నారా?"

"నవ్వుతున్నానయ్యా. స్తంభంతోనా?"

"పెద్దాయనా, పెద్దాయనా, ముందా మైకు పెట్టెయ్యండి."

"ఎవరమ్మా నువ్వు?"

"టికెట్లిచ్చేదాన్ని. ఉండండి, ఆయాసం... మొన్న పిల్లల పండక్కి ఆ మైకు బాగుచేయించారు. మీరన్నదంతా ఓడంతా వినపడింది, రేవంతా వినపడింది. ప్లాస్టిక్ సంచుల్లో బీరు పోయించుకుని వెళ్లే జనం ఆ సంచులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆవిడేమందని నన్ను పీక్కుతింటున్నారు."

"అయ్యయ్యో. రుయిఫెన్ గారూ, నాకు తెలీదండీ. పరువు తీసేశాను."

"అసలు స్విచ్చి వెయ్యందే అది పలకదే. ఎందుకు వేశారు?"

"నేను వెయ్యలేదమ్మా, ఒట్టు. అసలెక్కడుందో కూడా చూడలేదు."

"తల్లీ, కిందకెళ్లి వాళ్లతో ఒక్క మాట చెప్తావా?"

"చెప్పండమ్మా."

"స్విచ్చి వేసింది పెళ్లికూతురని చెప్పు."